సంక్రాంతికి అమ్మమ్మతో పదమూడు ముక్కలు ఆడాలి, మూడు వారాల్లో వస్తుందా?

గోదారిగట్టు | డిసెంబర్ 22

అందరికీ నమస్తే. మా అమ్మమ్మకి 79 ఏళ్ళు. భీమవరం దగ్గర పల్లెటూరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఆవిడా, మరో ముగ్గురూ కూర్చుని రమ్మీ, అదే పదమూడు ముక్కలాట, ఆడేవాళ్ళు. చతుర్ముఖ పారాయణం మొదలైందా అంటూ తాతయ్య మజ్జిగ చెంబు తెచ్చి పక్కన పెట్టేవారు. ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. ఒకావిడ కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయింది. మొన్న దసరాకి వెళ్తే అమ్మమ్మ ఒక్కతే మంచం మీద రెండు చేతులకి ముక్కలు వేసుకుని, ఇటు ఒకసారి అటు ఒకసారి జరిగి కూర్చుని ఆడుకుంటోంది. అది చూసి వచ్చినప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

నాకు ఆట రాదు. చిన్నప్పుడు గాడిద, సెవెన్స్ ఆడాను, అంతే. మా పెదనాన్న క్లబ్బుల్లో ఎకరం పొలం పోగొట్టుకున్నాడు, అందుకని నాన్న మా ఇంట్లో పేక కనపడనివ్వలేదు. పండక్కి నాలుగు రోజులు అక్కడ ఉంటాను. ఆవిడకి విసుగు రాకుండా ఎదురుగా కూర్చుని ఆడగలిగితే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలి? యాప్‌లో నేర్చుకోవచ్చా?

ఓరుగల్లు_బాపు | డిసెంబర్ 22

బిడ్డా, యాప్ జోలికి పోకు. పైసల సంగతి తర్వాత, అండ్ల ముక్కలు దానంతట అదే సర్దిపెడ్తది. నీ చెయ్యికి ఏం అలవాటైతది? రెండు పేకలు కొనుక్కో. రోజూ పదమూడు ముక్కలు ఏసుకో, ఇసనకర్ర లెక్క ఎడమచేతిల పట్టు, రంగు ఎనక రంగు సర్దు, రంగంటే ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమన్. ఎర్రది పక్కకు నల్లది రావాలె. ఆటీను, డైమన్ పక్కపక్కన పెడితే తొందరల ఒకటనుకొని ఇంకోటి కొట్టేస్తవ్. వారం దినాలు గిదొక్కటే చెయ్యి. మా నాయన నాకు పదేండ్లప్పుడు ఇదే నేర్పిండు, ఆట తర్వాతనే చెప్పిండు.

చింతగింజ | డిసెంబర్ 23

బాపు గారు చెప్పింది నిజం. ఇక ఆట సంగతి నేను చెప్తాను, మా ఇంట్లో మూడు తరాలుగా ఆడుతున్నాం.

రెండు పేకలు, అంటే 104 ముక్కలు, రెండు జోకర్లు కలిపితే 106. మనిషికి పదమూడు పంచుతారు. మిగిలిన పేక నుంచి ఒక ముక్క తీసి అడుగున సగం కనపడేలా దూర్చుతారు, అది కట్ జోకరు. డైమన్ నాలుగు పడిందనుకోండి, ఆ ఆటలో నాలుగు రంగుల నాలుగులూ జోకర్లే, అంటే లేని ముక్క బదులు వాడుకోవచ్చు. పేకలోంచి గానీ, ముందువాళ్ళు పడేసింది గానీ ఒక ముక్క ఎత్తాలి, ఒకటి పడేయాలి. పదమూడూ వరసలుగానో సెట్లుగానో కుదిరితే షో.

వరస అంటే ఒకే రంగులో మూడు గానీ అంతకెక్కువ గానీ వరస అంకెలు. సెట్ అంటే ఒకే అంకె, వేరువేరు రంగులు. రెండు పేకలు కదా, ఇస్పేటు తొమ్మిదులు రెండొస్తే సెట్లో ఒకటే పనికొస్తుంది. కొత్తవాళ్ళు అందరూ మొదట్లో ఇక్కడే పొరపడతారు. ఆసుని ఆసు-రెండు-మూడుకీ వాడొచ్చు, రాణి-రాజు-ఆసుకీ వాడొచ్చు. రాజు-ఆసు-రెండు మాత్రం కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం నేచురల్. కొందరు లైఫ్ అంటారు, మా మేనత్త ఒరిజినల్ అనేది. జోకరు సాయం లేకుండా ఒక వరస ఉండి తీరాలి. అది కాక ఇంకో వరస కూడా కావాలి, దానికి జోకరు వాడుకోవచ్చు. మీకు నేచురల్ పడకముందే అవతలివాళ్ళు షో చేశారంటే మీ చేతిలో ఉన్నదంతా కౌంటే, అంటే మీ మీద పడే పాయింట్లే. బొమ్మలకీ ఆసుకీ పది, మిగతావాటికి అంకె ఎంతో అంత, ఎక్కువలో ఎక్కువ 80. ముక్కలు పడగానే బాగాలేవనిపిస్తే డ్రాప్ చెప్పి 20తో బయటపడొచ్చు. ఆట మధ్యలో డ్రాప్ అయితే 40. ఇళ్ళల్లో ఈ అంకెలు మారతాయి, అమ్మమ్మని అడగండి, ఆవిడ చెప్పిందే రూలు.

డబ్బు బదులు చింతగింజలు పెట్టుకోండి. నా పేరు చూశారుగా.

పాతకోర్టు | డిసెంబర్ 24

నాన్నగారికి చెప్పడానికి ఒక మాట. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య. 1967 నవంబరులో తీర్పు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది కోర్టు. మూడుముక్కలాటని మాత్రం అదృష్టం ఆట అనే తేల్చింది. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ తీర్పు టైపు కొట్టిన కాపీ మా లాయరు గారి బీరువాలో ఉండేది, చాలాసార్లు చదివాను. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడమే ఆటకి ప్రాణమని నాకు అర్థమైంది అక్కడే.

అలాగని ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడొద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

సీమపిల్ల | డిసెంబర్ 24

మీ నాన్నను బలవంతం చేయొద్దు అక్కా. మా తమ్ముడు ఒక యాప్‌లో పద్నాలుగు నెలల్లో నాలుగు లక్షలు పోగొట్టినాడు. అమ్మ గాజులు కుదవ పెట్టి తీర్చినాం. ఆ తర్వాత రెండేండ్లు మా ఇంట్లో పేక అనే మాట ఎవరూ ఎత్తలేదు. పోయిన శివరాత్రికి జాగారంలో మా అవ్వే పేక తీసింది. గవ్వలు పెట్టి ఆడినాం. తమ్ముడు కూడా కూర్చున్యాడు, తెల్లారేదాంక ఆడినాడు. యాప్‌లో ఎదుటోడి మొగం కనపడదు, ఇంట్లో అవ్వ మొగం కనపడతాదని వాడే అన్యాడు. ఆ బాధ పడినోళ్ళకి కొంచెం టైం ఇయ్యాల, అంతే.

గోదారిగట్టు | జనవరి 2

చెల్లీ, నీ మాట నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వద్దని మాత్రం అనలేదు.

రూమ్మేట్లతో పది రోజులుగా ఆడుతున్నాను. నిన్న ఒక చేతిలో దెబ్బతిన్నాను, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. కట్ జోకరు డైమన్ నాలుగు. నా ముక్కలు: ఇస్పేటు 6, 7, రాజు. ఆటీను 8, 9, రాణి, రాజు. కళావరు 3, 5, 9. డైమన్ 2, 9. ఒక జోకరు. తొమ్మిదుల సెట్ వచ్చేసిందని సంబరపడి దాన్ని పక్కకి జరిపేశాను. రాణి, రాజుకి జోకరు పెట్టి అదీ అయిపోయిందనుకున్నాను. ఆరు రౌండ్లకే పక్కమ్మాయి షో చేసింది. నాకు 80.

టెక్సాస్_కోడలు | జనవరి 2

నేనూ అచ్చంగా ఇలాగే మొదలుపెట్టాను కాబట్టి వివరంగా రాస్తున్నా. డాలస్‌లో మా అత్తయ్యగారు ఆరు నెలలు మా దగ్గర ఉన్నప్పుడు మంచు కురిసే రోజుల్లో నేర్పారు.

మీ చేతిలో నేచురల్ లేదు. అది లేనంతసేపూ మిగతావేవీ అయినట్టు కాదు. ఆ ముక్కలన్నీ కలిపితే 88, 80కి మించి రాయరు కాబట్టి సరిపోయింది.

ఇస్పేటు 6, 7 చూడండి. ఐదు వచ్చినా ఎనిమిది వచ్చినా వరస అవుతుంది. రెండు పేకలు కాబట్టి నాలుగు ముక్కల్లో ఏది వచ్చినా చాలు. ఆటీను 8, 9 కూడా అంతే, ఏడు గానీ పది గానీ. మీరు ఆటీను తొమ్మిదిని సెట్లో బంధించేసి ఆ దారి మూసేశారు. సెట్ ఎక్కడికీ పోదు, మీకు జోకరు ఉంది, రెండు తొమ్మిదులకి అతికించుకోవచ్చు.

ఇక కళావరు 3, 5. మధ్యలో నాలుగు కావాలి. ఈ ఆటలో నాలుగులు జోకర్లు. కళావరు నాలుగే వస్తే అది తన చోటులో తను కూర్చుంటుంది కాబట్టి ఆ వరస నేచురలే. కానీ జోకరుని ఎవరైనా పడేస్తారా? పేకలోంచి మీకే రావాలి, ఉన్నవి రెండే. ఆ ఆశ పెట్టుకోకూడదు.

నేనైతే మొదట ఇస్పేటు రాజు పడేసేదాన్ని. అత్తయ్యగారు అనేవారు, రాజు అతిథి లాంటివాడు, రెండు పూటలకి మించి ఉంచుకోవద్దని. రాజు కలిసే మూడుముక్కల వరసలు రెండే. అదే ఏడుకి మూడున్నాయి: 5-6-7, 6-7-8, 7-8-9. మధ్య ముక్కలు నిలబెట్టుకోండి.

ఓరుగల్లు_బాపు | జనవరి 3

అంత మంచిగనే చెప్పినవ్ తల్లీ, రాజు మాట కాడ నేను ఒప్పుకోను. ఆటీను రాజు, ఇస్పేటు రాజు రెండూ ఉన్నయి కదా. అందరూ బొమ్మలు ముందుగాల కొట్టేస్తరు, మూడో రాజు కింద పడుడు ఖాయం. రెండు సుట్లు ఆగి చూడాలె. నేను డైమన్ రెండు కొడ్త.

టెక్సాస్_కోడలు | జనవరి 3

బాపు గారూ, నేచురల్ చేతిలో ఉంటే మీ మాటే నా మాట. లేనప్పుడు చేతిలో మూడు బొమ్మలంటే 30 కౌంటు. కొత్తమ్మాయికి ఆ భయం ఎందుకండి?

ఓరుగల్లు_బాపు | జనవరి 3

అవును, కొత్త పిల్లకైతే నీదే కరెక్టు.

చింతగింజ | జనవరి 4

ఇంకొక్కటి. పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలని కూర్చుంటే బుర్ర వేడెక్కుతుంది. మొదట మీకు కావాల్సిన నాలుగైదు ముక్కలు ఎన్ని పడ్డాయో మాత్రం చూడండి. ఇస్పేటు ఎనిమిదులు రెండూ పడిపోయాయంటే ఆ వైపు తలుపు మూసుకున్నట్టే. ఆ తర్వాత మీ నుంచి ముక్క ఎత్తే మనిషి ఏం ఎత్తారో చూడండి. ఆవిడ ఆటీను పది ఎత్తితే, మీ ఆటీను తొమ్మిదీ జాకీ ఎంత పనికిరానివైనా చేతిలోనే ఉంచుకోండి.

గోదారిగట్టు | జనవరి 18

ఇవాళే బెంగళూరు తిరిగొచ్చాను. ముందు మీకే రాయాలని కూర్చున్నాను.

భోగి నాడు మధ్యాహ్నం కొత్త పేకలు రెండూ అరుగు మీద పెట్టాను. అమ్మమ్మ వాటిని చూసి, నావైపు చూసి, లోపలికెళ్ళి తన పాత పేక తెచ్చింది. అంచులు మెత్తబడి గుడ్డపీలికల్లా ఉన్నాయి. పౌడరు చల్లి రుద్ది, కలిపింది. అందులో ఆటీను ఏడు ఎప్పుడో పోయిందట, శుభలేఖ అట్ట కత్తిరించి దాని మీద పెన్నుతో ఏడు రాసి పెట్టుకుంది. వెనకవైపు పసుపు బొట్టు కనపడుతూనే ఉంది. అది ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోతుంది కదా అంటే, నలభై ఏళ్ళు ఆడినవాళ్ళం, దాన్ని చూడనట్టే ఆడేవాళ్ళం అంది.

అమ్మమ్మ, నేను, మావయ్య. మొదటి మూడాటలూ నాకు ఫుల్ కౌంటు. మీరు చెప్పినవన్నీ చేస్తూనే ఉన్నాను, అయినా నాకు కావాల్సిన ముక్క ఆవిడ వదిలితే ఒట్టు. నాలుగో ఆటలో అడిగేశాను, నా చేతిలో ఏముందో నీకెలా తెలుస్తోందని. నా చెయ్యి పట్టుకుని చూపించింది. నేను రంగులవారీగా సర్దుకుని, కింద నుంచి ఎత్తిన ముక్కని సూటిగా తీసుకెళ్ళి దాని చోట్లో పెడుతున్నాను. కుడి చివర పెడితే పెద్ద ముక్క, దాని పక్కన ఇంకో రెండు ఆ రంగువే. ఎడమ నుంచి తీసి పడేస్తే ఆ రంగు అయిపోయిందన్నమాట. "ఎత్తిన ముక్కని ముందు ఏదో ఒక చివర పెట్టవే. నా వంతు వెళ్ళాక అప్పుడు సర్దుకో" అంది. ఈ మాట ఇక్కడ ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

కనుమ నాడు రెండాటలు నేను గెలిచాను. ఒకటి కావాలని వదిలిందేమో అని అనుమానం వచ్చి అడిగితే కోపం వచ్చింది ఆవిడకి. ఆటలో వదలడమేంటి, అది నిన్ను తక్కువ చెయ్యడం కాదూ అంది. రెండో దాంట్లో నేచురల్ ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు. షో చెప్పి చివరి ముక్క మూసి పెడుతుంటే చెయ్యి వణికింది నాకు.

నాన్న మొదటి రోజు పెరట్లోకి వెళ్ళిపోయారు. రెండో రోజు గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు మావయ్య కూడిక తప్పు చేస్తే లేచొచ్చి పుస్తకం, పెన్నూ తీసుకుని, ఆ రోజంతా కౌంటు ఆయనే రాశారు. ముక్క ముట్టుకోలేదు. మీకూ ముక్కలు వెయ్యమంటారా అని నేనూ అడగలేదు.

సీమపిల్ల | జనవరి 18

కౌంటు రాసినారా అక్కా! చాలు, ఇంకేం కావల్ల.

ఓరుగల్లు_బాపు | జనవరి 19

చివరకు పెట్టే సంగతి నా నోట్లె ఎట్ల తప్పింది! యాభై ఏండ్లసంది నేను చేసేది అదే. చెయ్యికి అలవాటై చెప్పుడు యాదికి రాలే. అమ్మమ్మకు నా దండం చెప్పు.

గోదారిగట్టు | జనవరి 19

చెప్పాను బాపు గారూ, ఫోన్లో. శివరాత్రి జాగారానికి రమ్మంటోంది. ఒక సాయం కావాలి. కొత్త పేకలో అంకెలు చిన్నవట, రాత్రిపూట లైటు కింద ఆరుకీ తొమ్మిదికీ తేడా తెలియట్లేదంటోంది. పెద్ద అంకెల పేక ఎక్కడ దొరుకుతుంది? రెండు కావాలి.