‘ప్యాకెట్’ను తెలుగులో ఏమందాం: ముక్కా, మూటా, పొట్లమా?

ప్రశ్న:
ఇంటర్నెట్ పుట్టుపూర్వోత్తరాల గురించి హైస్కూలు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తూ ‘ప్యాకెట్ స్విచ్చింగ్’ దగ్గర ఆగిపోయాను. ప్యాకెట్ అని వదిలేస్తే పిల్లలకు పాల ప్యాకెట్ తప్ప మరేమీ తోచదు. పొట్లం అందామంటే నవ్వుతారేమోనని సంకోచం. పెద్దలు దారి చూపగలరని మనవి.

జవాబు:
సంకోచించవలసిన పని లేదు. సాంకేతిక పదాలలో చాలా వాటి సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క మాటను మాత్రం పెట్టినాయనే అనువాదాన్ని దృష్టిలో ఉంచుకొని పెట్టాడు. ఇంగ్లండులోని టెడ్డింగ్టన్‌లో, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన డొనాల్డ్ డేవీస్ 1965 చివరలో ఈ పద్ధతిని ఊహించాడు. సందేశాన్ని తునకలు చేసి దేనికదే విడిగా ప్రయాణించేటట్టు చేయాలన్నది ఆయన ఆలోచన. ఆ తునకకు పేరు కావలసివచ్చినప్పుడు ‘ప్యాకెట్’ అనుకొని, ఇతర భాషలలో దీనికి సాటి మాటలు దొరుకుతాయా అని తమ సంస్థలోని భాషావేత్తలను అడిగి మరీ ఖాయం చేసుకున్నాడు. కాబట్టి దీనికి తెలుగు మాట వెతకడం ఆయన కోరికకు ఎదురు వెళ్ళడమేమీ కాదు.

‘ప్యాక్’ అంటే మూట. దాని చివర చేరిన ‘ఎట్’, మన ‘పిల్లకాలువ’లోని ‘పిల్ల’ వంటిది, చిన్నదనే అర్థాన్నిస్తుంది. పాల ప్యాకెట్ అనేటప్పుడు మనకు ఆ చిన్నతనం స్ఫురించదు గాని, డేవీస్‌కు కావలసింది సరిగ్గా అదే. ఆయన అనుకున్న ప్యాకెట్ పరిమాణం 1024 బిట్లు, అంటే 128 బైట్లు. ఈనాడు ఎక్కువగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ‘అంతర్జాలం’ అన్న మాటలో గుణింతాలు, పొల్లు, సున్నలతో కలిపి తొమ్మిది గుర్తులున్నాయి కాబట్టి దానికి 27 బైట్లు కావాలి. 128 బైట్లూ మాటకే వాడినా నాలుగుసార్లు ‘అంతర్జాలం’ రాసేసరికి డేవీస్ గారి ప్యాకెట్ దాదాపు నిండిపోతుంది. మీ పిల్లల చేత ఈ లెక్క వేయించండి, ప్యాకెట్ ఎంత చిన్నదో వారికే తెలుస్తుంది.

ఇంత చిన్నవిగా ఎందుకు కోయాలి? టెలిఫోనులో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ దారి వారిద్దరికే కట్టుబడి ఉంటుంది, ఇద్దరూ మౌనంగా ఉన్నా సరే. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఒక వరుస కొట్టి, కాసేపు ఆలోచించి, మరో వరుస కొడతాడు. అతని కోసం తీగ మొత్తాన్ని అట్టిపెట్టడం దండగ. చిన్న తునకలుగా పంపితే ఒకరి మౌనంలో మరొకరి తునకలు సాగిపోతాయి. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధనా సంస్థలోని పాల్ బారన్ 1964 నాటికే ఇటువంటి ఆలోచననే విపులంగా ప్రచురించాడు గాని, ఆయన బెంగ వేరు: అణుబాంబు పడి, తీగలు కలిసే కూడళ్ళు కొన్ని ధ్వంసమైనా మిగిలిన కూడళ్ళ మీదుగా సందేశం చేరాలి. ఆయన తునకను ‘మెసేజ్ బ్లాక్’ అన్నాడు. అందిన తునకను చేతిలో ఉంచుకోకుండా వెంటనే పక్క కూడలికి తోసేయడాన్ని వేడి బంగాళాదుంపతో పోల్చాడు. మనకైతే, పొయ్యి మీది నుంచి దించిన గిన్నె ఎవరి చేతిలోనూ నిలవకుండా చేతులు మారడం అంటే చాలు. పద్ధతి ఒకటే అయినా నిలిచింది డేవీస్ పెట్టిన పేరే. 1967లో అమెరికాలోని గాట్లిన్‌బర్గ్‌లో జరిగిన సదస్సులో డేవీస్ బృందం పనిని విన్న లారీ రాబర్ట్స్, దానిని తాను రూపొందిస్తున్న ఆర్పానెట్ (ఇంటర్నెట్‌కు ముందరి అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ల వల) లోకి తీసుకున్నాడు.

ఇక తెలుగు మాటల సంగతి. నా మొగ్గు మొదట ‘ముక్క’ వైపు ఉండేది. కార్డు ముక్క, ఉత్తరం ముక్క, ‘ఒక్క ముక్క చెప్పి వెళ్ళు’ అనడంలో ముక్క మనకు చిన్న సందేశమే. ఇంతకంటే సొంపైన మాట దొరకదనుకున్నాను. అయితే ముక్కకు కట్టు ఉండదు. ప్యాకెట్టుకు పైన ఒక పొర ఉంటుంది, ఆ పొర మీదనే ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి వెళ్ళాలో రాసి ఉంటుంది. అదీగాక, దారిలో పట్టనంత పెద్దదైతే ప్యాకెట్టునే మళ్ళీ కోసే ఏర్పాటు ఉంది. ఆ కోతలో వచ్చిన దానిని ముక్క అనడం న్యాయం. ‘మూట’ మరీ పెద్దది. పొట్లంలో చిన్నతనమూ ఉంది, కట్టూ ఉంది.

‘స్విచ్చింగ్’ను ‘మార్పిడి’ అనవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మార్పిడి అంటే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడం, ఇక్కడ జరిగేది అది కాదు. కాలువ నీటిని ఒక మడి నుంచి మరో మడికి తిప్పినట్టు, వచ్చిన దానిని తగిన దారికి తిప్పడమే ఇక్కడి పని, దానికి మనకు ‘మళ్ళింపు’ అనే మంచి మాట ఉంది. ‘పొట్లాల మళ్ళింపు’ అనండి.

మరొక సభ్యుని సందేహం:
వివరణ బాగుంది గాని ఒక అభ్యంతరం. కిరాణా దుకాణంలో ఇచ్చే మిరియాల పొట్లం మీద చిరునామా ఎక్కడిది? చిరునామా ఉండేది పార్సెల్ మీద. చిరునామాయే ప్రాణమైన వస్తువుకు చిరునామా లేని మాట పెడితే ఎలా?

జవాబు:
అభ్యంతరం సబబే. దానికి సమాధానంగా కిరాణా దుకాణాన్ని వదిలి మందుల గదికి రండి. నా చిన్నతనంలో మా ఊరి డాక్టరు గారి దగ్గర ఒక కాంపౌండరు ఉండేవాడు. పొడి మందును చదరపు కాగితాలలో పోసి, నాలుగు మడతలు పెట్టి, ప్రతి పొట్లం మీద రోగి పేరూ 1, 2, 3 అని వరుస అంకెలూ వేసి ఇచ్చేవాడు. సంచిలో అవి కలగాపులగమైనా ఇంటికి వెళ్ళాక అంకెల ప్రకారం పేర్చుకొని వేసుకొనేవాళ్ళం. మూడో పొట్లం లేదంటే ఎక్కడో జారిపోయిందని తెలిసిపోయేది. మళ్ళీ వెళ్ళి ఆ ఒక్కటీ కట్టించుకొంటే సరిపోయేది, మొత్తం మందు మళ్ళీ అడగనక్కర లేదు.

అమెరికా ఇంజనీర్లు వింట్ సర్ఫ్, బాబ్ కాన్ 1974 మే నెలలో ప్రచురించిన పత్రంలో ప్రతిపాదించిన ఏర్పాటు కూడా ఇటువంటిదే. దారిలోని కూడళ్ళు పొట్లం విప్పి చూడవు, పైన రాసింది చదివి ముందుకు మళ్ళిస్తాయి. వరుస సరిచూడడం, లోటు కనిపెట్టడం, తిరిగి తెప్పించుకోవడం అన్నీ రెండు కొసలలో ఉన్న కంప్యూటర్ల బాధ్యత. కూడళ్ళకు తెలివి తక్కువైనా ఫరవాలేదన్న ఈ నిర్ణయం వల్లనే ఎవరి వలను (నెట్‌వర్కును) వారు తమకు నచ్చినట్టు నిర్మించుకొని, ఒకదానితో ఒకటి కలుపుకోగలిగారు. నా దృష్టిలో ఇంటర్నెట్ కథలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీ అని పేరుపడ్డ ఈ ఏర్పాటుకు మారింది. అందులోని ఐపీకి నేటికీ వాడుకలో ఉన్న నాలుగో రూపంలో పొట్లం మీది రాత కనీసం 20 బైట్లు ఉంటుంది. అందులో ఒక అంకె ప్రతి కూడలి దగ్గరా ఒకటి చొప్పున తగ్గి, సున్నాకు చేరితే ఆ పొట్లాన్ని అక్కడే పారేస్తారు. లేకపోతే దారి తప్పిన పొట్లాలు వలలో తిరుగుతూనే ఉండేవి.

మొదటి ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం, పొట్లమే రాస్తాను. చివరగా ఒక్కటి. ‘ప్యాకెట్ లాస్’ను ‘పొట్లం పోవడం’ అంటే సరిపోతుందా?

జవాబు:
అక్కడ జాగ్రత్త పడాలి. మన భాషలో ‘ఉత్తరం పోయింది’ అంటే ఇక్కడి నుంచి బయలుదేరిందనీ అర్థమే, దారిలో గల్లంతయిందనీ అర్థమే. పాఠ్యగ్రంథంలో ‘గల్లంతు’ అని విడదీసి రాయడం మేలు. కాని పంపిన కంప్యూటరు స్థితి సరిగ్గా ఆ ‘పోయింది’లోనే ఉందని పిల్లలకు చెప్పండి. వెళ్ళిందో గల్లంతయిందో దానికి తెలియదు. అందినట్టు అవతలి నుంచి కబురు రావడం కోసం కొంత వ్యవధి చూసి, రాకపోతే అదే పొట్లాన్ని మళ్ళీ పంపుతుంది. ఆ కబురుకు ఇంగ్లీషులో వాడే ‘అక్నాలెడ్జ్‌మెంట్’ అనే పొడవాటి మాటకు బదులు, పూర్వం మన ఉత్తరాల చివర రాసుకొన్న ‘తిరుగు టపా’ను పెట్టుకోవచ్చునని నా అభిప్రాయం.