విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది, ఉన్న ల్యాప్‌టాప్‌తో డిగ్రీ అయ్యేదాకా నెట్టుకురావచ్చా, ఏఐ పీసీ కొనాలా?

రెండోఏడాది_సీఎస్:

అందరికీ నమస్తే. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నా. నా ల్యాప్‌టాప్ ఇంటెల్ ఏడో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఇంకా విండోస్ 10 మీదే ఉంది, 11కి మారదామని చూస్తే ఈ ప్రాసెసర్‌కి కుదరదు అని చూపిస్తోంది. ఆన్ చేశాక డెస్క్‌టాప్ వచ్చి బ్రౌజర్ తెరుచుకోడానికే చాలాసేపు పడుతోంది, వీఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) ఒక పక్క క్రోమ్ ఒక పక్క పెడితే టైప్ చేసిన అక్షరం కూడా లేటుగా వస్తోంది.

సీనియర్లు అడిగితే ఇప్పుడు కొంటే కోపైలట్ ప్లస్ పీసీనే కొను, ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం ప్రాసెసర్‌లో ఉండే ప్రత్యేక భాగం) లేనిది కొంటే ఏఐ ఉద్యోగాలకి పనికిరాదు అంటున్నారు. ఇంట్లో అడిగితే కొనిస్తారు, కానీ వాళ్లకి అది చిన్న ఖర్చు కాదు, అందుకే అడిగే ముందు అసలు అవసరమా కాదా నాకు తెలియాలి. వచ్చే సెమిస్టర్‌లో మెషీన్ లెర్నింగ్ సబ్జెక్ట్ ఉంది, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్‌కి ట్రై చేయాలి. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

అప్‌డేట్_గారు:

ముందు భయం తీసేద్దాం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది, నిజమే. అంటే మీ మెషీన్ పనిచేయడం మానేస్తుందని కాదు, కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకి ప్యాచ్‌లు రావు అని. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ అని ఒక ఏడాది పొడిగింపు పెట్టింది, అందులో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మీ వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింక్ కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్‌ని అకౌంట్‌కి సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు.

విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్లు 2028 అక్టోబర్ దాకా వస్తాయి కదా అని కొంతమంది ఈఎస్‌యూ వదిలేస్తున్నారు, అది సరిపోదండి. డిఫెండర్ తెలిసిన వైరస్‌ని పట్టుకుంటుంది, సిస్టమ్ లోపల ఉన్న కంతని పూడ్చదు. బ్యాంక్ లాగిన్లు, కాలేజీ మెయిల్ అన్నీ అదే మెషీన్‌లో ఉంటాయి కాబట్టి ఈ పని ఇవాళే చేసేయండి, కొనడం గురించి తర్వాత తీరిగ్గా ఆలోచించొచ్చు.

రూఫస్ అనే టూల్‌తో టీపీఎమ్ (సెక్యూరిటీ చిప్), సీపీయూ చెక్ దాటించి విండోస్ 11 ఎక్కించొచ్చు అని ఎవరో ఒకరు చెప్తారు. ఎక్కుతుంది కూడా. కానీ సపోర్ట్ లేని మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఇవ్వట్లేదు, ప్రతి పెద్ద అప్‌డేట్‌కి మళ్లీ మనమే కూర్చోవాలి. చదువుకునే మెషీన్ మీద నేనైతే చేయను.

స్క్రూడ్రైవర్_అన్న:

తమ్ముడూ, నువ్వు చెప్పిన లక్షణాలన్నీ హార్డ్ డిస్క్ వైపే చూపిస్తున్నాయి. ఒక పని చెయ్, మెషీన్ ఆన్ అయిన వెంటనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ ఎంత ఉందో చూడు. సీపీయూ ఇరవై ముప్పై శాతంలో ఉండి డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర ఆగిపోయి ఉంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో చాలావరకు నిమిషానికి 5400 చుట్లు తిరిగే ప్లేట్లు ఉంటాయి, చిన్న చిన్న ఫైళ్లు వందల్లో ఒకేసారి కావాలంటే దాని హెడ్ అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. విండోస్ స్టార్ట్ అవ్వడం, వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లు లోడ్ అవ్వడం, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, అన్నీ ఇలాంటి చిన్న ఫైళ్ల పనే. హార్డ్ డిస్క్ బదులు వేసే ఎస్ఎస్‌డీలో (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) తిరిగే భాగమే లేదు కాబట్టి తేడా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెలిసిపోతుంది.

అదే పేజీలో మెమరీ మీద నొక్కితే స్లాట్లు ఎన్ని, ఎన్ని వాడుతున్నావు అని కింద చూపిస్తుంది. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అదృష్టం. ర్యామ్ కొనే ముందు నీది డీడీఆర్4 రకమా డీడీఆర్3ఎల్ రకమా కచ్చితంగా చూసుకో, ఏడో జనరేషన్‌లో రెండు రకాలూ వచ్చాయి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ ఉన్నా అది సాటా రకం మాత్రమే తీసుకుంటుందా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం కూడా తీసుకుంటుందా అని నీ మోడల్ మాన్యువల్‌లో చదువు.

ఇంకో మాట, ర్యామ్ విషయంలో ఇప్పుడు టైమ్ బాలేదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు హెచ్‌బీఎం (ఏఐ చిప్‌లకి వాడే వేగమైన మెమరీ), సర్వర్ మెమరీ వైపు ఉత్పత్తి మళ్లించడంతో 2025 చివరి నుంచి మామూలు ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. మెమరీ తయారుచేసే మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో మనలాంటివాళ్లకి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎస్ఎస్‌డీ రేట్ల మీదా ఆ ఒత్తిడి ఉంది. అందుకే రెండూ ఒకేసారి వద్దు, ముందు ఎస్ఎస్‌డీ వేయించు, వారం వాడు, అప్పటికీ మెమరీ నిండిపోతుంటేనే ర్యామ్. కొత్త ల్యాప్‌టాప్ రేట్లలో కూడా ఇదే ర్యామ్ ఖర్చు కలుస్తుంది కాబట్టి ఇప్పుడు కంగారుగా కొంటే 8 జీబీతో సరిపెట్టుకున్న మోడల్ చేతిలో పడే ప్రమాదం ఉంది, అది రెండేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న అడిగిస్తుంది.

రెండోఏడాది_సీఎస్:

అన్నా చాలా థ్యాంక్స్, చూశా. డిస్క్ 100 శాతంలోనే కూర్చుంది, సీపీయూ చాలా తక్కువ. స్లాట్లు రెండు, ఒకటే వాడుతోంది. ఈఎస్‌యూలో కూడా చేరిపోయా. మరి ఎన్‌పీయూ సంగతి? మెషీన్ లెర్నింగ్‌కి గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా కుదురుతుందా?

మోడల్_ట్రైనింగ్_అక్క:

నేను ఈ ఫీల్డ్‌లోనే పనిచేస్తున్నా, ఈ ఎన్‌పీయూ మాట స్టూడెంట్స్‌ని అనవసరంగా భయపెడుతోంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. కోపైలట్ ప్లస్ పీసీ అనేది మైక్రోసాఫ్ట్ 2024 మేలో ప్రకటించిన పేరు, దానికి కనీసం 40 టాప్స్ (ఒక టాప్స్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు) ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ ఉండాలి. ఆ ఎన్‌పీయూ చేసే పని ఏంటంటే ఆల్రెడీ ట్రైన్ అయిపోయిన చిన్న మోడళ్లని తక్కువ బ్యాటరీతో నడపడం, వీడియో కాల్‌లో వెనక బ్లర్ చేయడం, లైవ్ క్యాప్షన్లు, రీకాల్ (స్క్రీన్ మీద ఇంతకుముందు చూసింది వెతికిపెట్టేది) లాంటివి. నువ్వు క్లాసులో పైటార్చ్ అనే లైబ్రరీతో మోడల్ ట్రైన్ చేస్తావు చూడు, ఆ పాఠాలు, ఆ కోడ్ ఎక్కువగా ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల సాఫ్ట్‌వేర్ అయిన కుడా (CUDA) మీద నడిచేలా రాసి ఉంటాయి, ఎన్‌పీయూని అవి ముట్టుకోవు. కంపెనీలో అయినా ట్రైనింగ్ సర్వర్లలో జరుగుతుంది, మన ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో కాదు.

మొదటి సెమిస్టర్ మెషీన్ లెర్నింగ్‌లో ఉండేది లీనియర్ రిగ్రెషన్, డెసిషన్ ట్రీలు, క్లస్టరింగ్, సైకిట్ లెర్న్ లైబ్రరీతో చిన్న డేటాసెట్లు. అవి నీ ఐ5 మీద హాయిగా నడుస్తాయి. న్యూరల్ నెట్‌వర్క్‌ల దగ్గరికొచ్చాక గూగుల్ కొలాబ్, కాగుల్ నోట్‌బుక్‌లు ఆన్‌లైన్‌లో ఉచితంగా జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) ఇస్తాయి, లిమిట్ ఉంటుంది, కొలాబ్‌లో సెషన్ మధ్యలో తెగిపోతుంది కూడా, అందుకే చెక్‌పాయింట్లు (అప్పటిదాకా ట్రైన్ అయిన మోడల్ కాపీలు) గూగుల్ డ్రైవ్‌లో సేవ్ చేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో. ఆ అలవాటు ఉద్యోగంలోనూ పనికొస్తుంది, అక్కడ కూడా జాబ్ మధ్యలో చచ్చిపోవడం మామూలే.

ఇక ఇంటర్న్‌షిప్. నేను ఇంటర్వ్యూలు తీసుకునేటప్పుడు ఎవరినీ ఏ ల్యాప్‌టాప్ వాడావని అడగలేదు. రెజ్యూమేలో ఉన్న ప్రాజెక్ట్ తెరిచి, ఈ ఫంక్షన్ ఎందుకు ఇలా రాశావు, డేటా రెట్టింపు అయితే ఎక్కడ ఆగిపోతుంది, టెస్ట్ డేటా ట్రైనింగ్‌లో కలిసిపోలేదని నీకెలా తెలుసు అని అడుగుతా. అక్కడే చాలామంది ఆగిపోతున్నారు, ఎందుకంటే కోడ్ చాట్‌బాట్ రాసింది, వాళ్లు చదవలేదు. ఏఐ వాడొద్దని చెప్పట్లేదు, నేనూ రోజూ వాడతా. కానీ నేర్చుకునే దశలో ముందు నువ్వు రాసి, ఎర్రర్‌తో కాసేపు కుస్తీ పట్టి, ఆ తర్వాత దాన్ని అడుగు. ఐదు ట్యుటోరియల్ ప్రాజెక్టుల కన్నా నువ్వు పూర్తిగా అర్థం చేసుకున్న ఒక్కటి, ఎవరైనా లింక్ నొక్కి వాడి చూడగలిగేలా పెట్టింది, రీడ్‌మీ (ప్రాజెక్ట్ గురించి చెప్పే ఫైల్) శుభ్రంగా రాసింది చాలు. కమిట్లు (గిట్‌లో సేవ్ చేసే మార్పులు) కూడా చివరి రాత్రి ఒక్కటే కాకుండా పని జరిగిన కొద్దీ ఉండాలి. గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్‌కి కాలేజీ ఐడీతో అప్లై చెయ్, పనికొచ్చే టూల్స్ కొన్ని ఉచితంగా వస్తాయి.

లైనక్స్_ప్రేమికుడు:

పైవన్నీ కరెక్ట్. నేను కలిపేది ఒకటే, ఎస్ఎస్‌డీ వేశాక విండోస్ పక్కనే లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకో, లైనక్స్ మింట్ గానీ ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) గానీ. 2017 నవంబర్ నుంచి టాప్500 లిస్టులో ఉన్న సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి, క్లౌడ్ సర్వర్లు కూడా ఎక్కువ అవే, కాబట్టి టెర్మినల్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి), ఫైల్ పర్మిషన్లు ఇప్పుడు చేతికి అలవాటైతే మొదటి ఉద్యోగంలో కాళ్లు తడబడవు. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసి అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్. ఈఎస్‌యూ గడువు అయిపోయాక నెట్ పనులన్నీ ఇటు మార్చేసుకోవచ్చు.

పరీక్షల_విభాగం:

ఉత్సాహంలో విండోస్ మొత్తం తీసేయొద్దు, దయచేసి. ఆన్‌లైన్ పరీక్షలకి, కంపెనీల కోడింగ్ టెస్టులకి వాడే ప్రాక్టరింగ్ (పరీక్ష రాసేవాళ్లని గమనించే) సాఫ్ట్‌వేర్లు చాలావరకు విండోస్, మ్యాక్ మాత్రమే ఒప్పుకుంటాయి. అలాంటి పరీక్షలకి వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. వర్చువల్ మెషీన్‌లో (లైనక్స్ లోపలే ఒక విండోలో విండోస్ నడపడం) తెరిస్తే చాలావాటికి తెలిసిపోయి ఆపేస్తాయి. కాబట్టి విండోస్ ఉంచి డ్యూయల్ బూట్ (రెండూ ఉంచి ఆన్ చేసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవడం) చేసుకోవడమే మంచిది. డిస్క్ మార్చే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ ఇంకో చోట రాసి పెట్టుకోండి, ప్రాజెక్ట్ ఫైళ్లు రెండు చోట్ల ఉంచండి. పరీక్షలకి రెండు వారాల లోపు మాత్రం ఈ పనులేవీ మొదలుపెట్టొద్దు, చిన్న డ్రైవర్ సమస్య వచ్చినా మీ చదువు టైమే పోతుంది.

స్క్రూడ్రైవర్_అన్న:

అవును, ఇది ముఖ్యం. ఇంకా బ్యాటరీ కూడా చూసుకో. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ (powercfg /batteryreport) కమాండ్ కొడితే వచ్చే రిపోర్ట్ మొదట్లో కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్‌కి ఎంత పడుతోంది అని చూపిస్తుంది. సగానికి పడిపోయి ఉంటే, పైగా టచ్‌ప్యాడ్ కింద గానీ వెనక మూత దగ్గర గానీ కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే దాన్ని వాడటం ఆపేసి ముందు బ్యాటరీ మార్పించు. హింజ్ విరిగి, బ్యాటరీ పోయి, బోర్డ్‌లో కూడా సమస్య ఉంటే అప్పుడు నా సలహా మారుతుంది, అప్పుడు కొత్తది కొనడమే నయం. కొంటే 16 జీబీ ర్యామ్ తగ్గకుండా చూడు, ఎన్‌పీయూ వస్తే రానీ, దానికోసం ఎక్కువ పెట్టకు.

రెండోఏడాది_సీఎస్:

బ్యాటరీ ముప్పావు దాకా ఉంది, ఉబ్బు ఏమీ లేదు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఎస్ఎస్‌డీ వేయిస్తా, డ్యూయల్ బూట్ ఆ సెలవుల్లో. అక్కా, ఒక ప్రాజెక్ట్ సగం రాసి వదిలేసింది ఉంది, లైబ్రరీ పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూపించే చిన్న యాప్, దాన్నే పూర్తి చేసి ఇక్కడ లింక్ పెడితే చూస్తారా?

మోడల్_ట్రైనింగ్_అక్క:

తప్పకుండా చూస్తా. లాగిన్ పాస్‌వర్డులు, ఏపీఐ కీలు కోడ్‌లో ఉంటే గిట్‌హబ్‌లో పెట్టకముందే తీసెయ్, ఒకసారి కమిట్ అయ్యాక డిలీట్ చేసినా హిస్టరీలో ఉండిపోతాయి.