రిలీఫ్ ప్రింట్‌ని తెలుగులో ఏమందాం?

మొన్న బీచ్ రోడ్డు మ్యూజియంలో కొందరు చిత్రకారులు కూర్చుని ఉడ్‌కట్ (చెక్క మీద చెక్కి అచ్చు తీసేది), లినోకట్ (లినోలియం షీటు మీద చెక్కి తీసేది) లాంటి రిలీఫ్ ప్రింట్ల గురించి పిచ్చాపాటీగా మాట్లాడుకుంటుంటే వెళ్లాను. పని గురించి ఎంత బాగా చెప్పారో, తెలుగు పేరు దగ్గరికొచ్చేసరికి అంత తలోమాటా అయింది. ఒకాయన ‘చెక్కుడు అచ్చు’ అన్నారు. నాకు మింగుడుపడలేదు. రాగిరేకు మీద ఎన్‌గ్రేవింగ్ కూడా చెక్కుడేగా! అక్కడ ఇంకు గీతల్లోకి దిగుతుంది, పైన అంటినది తుడిచేస్తారు. లినోలో తవ్వేసిన చోట ఇంకు అంటదు, వదిలేసిన ఎత్తు మీదే రోలర్ తిరుగుతుంది. తేడా అంతా ఇంకు ఎక్కడ నిలిచిందన్న దాంట్లోనే ఉంది కాబట్టి రిలీఫ్‌ని ‘మెరక అచ్చు’, ఎన్‌గ్రేవింగ్ లాంటివాటిని ‘పల్లపు అచ్చు’ అంటే సరిపోదూ?

— మెరక బాగుందండీ. మెట్ట అనకండి, మన ఉత్తరాంధ్రలో కొండ అనుకుంటారు.

— చెక్కుడుని అంత తేలిగ్గా తీసెయ్యకండి గురువుగారూ. చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినోకట్ చూడండి, నల్లటి నేల మీద తెల్లగీతల్లో కర్ర పట్టుకుని నడుస్తుంటాడు. ఆ తెల్లగీతలే ఉలితో తవ్వినవి. అంటే అక్కడ బొమ్మని చూపించేది ఇంకు అంటని పల్లమే కదా!

— నిజమే మేడమ్, కానీ కాగితానికి అంటింది మాత్రం మెరకేగా. పేరు పెట్టేది బొమ్మకి కాదు, పద్ధతికి.

— మధ్యలో నాదొకటి. ‘అచ్చు గుద్దినట్టున్నాడు’ అంటాం కదా, పెడన కలంకారీ వాళ్లని చూస్తే ఆ గుద్దడం ఏంటో తెలుస్తుంది. టేకు దిమ్మని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పైన పిడికిలితో ఒక్కటిస్తారు. అదీ మెరక అచ్చే. లినోకి ప్రెస్ లేకపోతే దిమ్మ కింద, కాగితం పైన పెట్టి గరిటె వీపుతో రుద్దుతారు. దాన్ని ‘అచ్చు రుద్దినట్టు’ అనాలేమో!

— గుద్దినా రుద్దినా దిమ్మ మీద కుడి కాగితం మీద ఎడమే అవుతుంది. ఇంక ఆ పేరేదో బొమ్మలోనే చెక్కాలంటే అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. సున్నాకి ఆ బాధ లేదు గానీ, ‘కృష్ణ’ అని చెక్కి చూడండి, వట్రసుడి ఎటు తిప్పాలో తెలియక మనకి బుర్ర తిరుగుతుంది.