తాళం వేసి వెళ్లే ఇంట్లో నీళ్లు కట్టేయాలా, ఉంచాలా?

తాళంచెవి: ఎనిమిది నెలలు ఇల్లు ఖాళీగా పెట్టి వెళ్తున్నాం. పోయినసారి మూడు నెలలకే తిరిగొస్తే వంటగది సింకు కింద కనెక్షన్ పైపు పగిలి, అల్మరా చెక్కంతా ఉబ్బిపోయి ఉంది. మెయిన్ వాల్వ్ కట్టేసే వెళ్లాం, అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పటికీ అంతుపట్టలేదు. ఈసారి పైపులన్నీ ఖాళీ చేసేద్దామని మా ఆయన. నీళ్లు ఉంచి, వారానికోసారి ఎవరితోనైనా కుళాయిలు తిప్పించమని మా అన్నయ్య. ఏది నయమంటారు?

రెంచి: కట్టేసి ఖాళీ చేయండి, ఇంకో మాట లేదు. అయితే మీరు కట్టిన మెయిన్ వాల్వ్ ఏది? వీధి లైన్ నుంచి లోపలికొచ్చేదే అయితే మేడ మీది ట్యాంకుకు దాంతో సంబంధం లేదు. ట్యాంకులో వెయ్యి లీటర్లుంటే ఆ వెయ్యీ సింకు కిందకే దిగుతాయి. ట్యాంకు నుంచి కిందికొచ్చే పైపు మీద వేరే వాల్వ్ ఉంటుంది, కట్టాల్సింది దాన్ని. మోటారు స్విచ్ కూడా ఆపేయండి.

తాళంచెవి: అయ్యో, వీధి వైపుదే కట్టాం! పైన ఇంకోటి ఉందనే తెలియదు.

పాతగోడ: ఖాళీ చేయమనడం తేలికే రెంచి గారూ. మా ఇంట్లో అన్నీ జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుపవి. ఖాళీ చేసి ఏడాది వదిలేశాం. వచ్చి నీళ్లు వదిలితే మొదట ఎర్రటి తుప్పు నీళ్లు, మూడో రోజుకు బాత్రూం గోడలో చెమ్మ. నిండుగా మూసి ఉన్న పైపులో నీళ్లలోని ఆక్సిజన్ అయిపోయాక తుప్పు నెమ్మదిస్తుంది. తడి మిగిలి గాలి ఆడే పైపులోనే అది రెచ్చిపోతుంది. పైగా వాషర్లు ఎండి బీటలు వారతాయి.

రెంచి: జీఐ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ట్యాంకు వాల్వ్ కట్టి, లైన్ నిండుగానే వదిలేయొచ్చు. ఎక్కడైనా పగిలినా పైపులో ఉన్న ఆ కాసిని నీళ్లే పోతాయి. సీపీవీసీ అంటే ప్లాస్టిక్ పైపు, దానికి తుప్పు బెడద లేదు కదా. వాషర్ మార్చడం పది నిమిషాల పని, గోడ పగలగొట్టి టైల్స్ మళ్లీ వేయడం అలాంటిది కాదు.

మంచుగడ్డ: గడ్డకట్టే చలి ఉన్నచోట ఈ వాదనే లేదు, ఖాళీ చేయాల్సిందే. నీళ్లు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీళ్ల ఒత్తిడికి పైపు పగులుతుంది, మంచు కరిగాక గానీ కారడం మొదలవదు. అందుకే ఖాళీ చేశాక కుళాయిలు తెరిచే ఉంచుతాం. ఫ్లష్ ట్యాంకు మర్చిపోవద్దు. గీజర్ కూడా. కుళాయి తిప్పినంత మాత్రాన దానిలో నీళ్లు పోవు, ముందు కరెంటు తీసి విడిగా ఖాళీ చేయాలి.

పక్కింటితాళం: మీ అన్నయ్య చెప్పిన ఆ ‘ఎవరైనా’ లాంటివాణ్ణే నేను. రెండేళ్లుగా పక్కింటి తాళం మా దగ్గరే ఉంది. నిజం చెప్పాలంటే మొదటి నెల వారంవారం వెళ్లాను, తర్వాత గుర్తొచ్చినప్పుడు. రాత్రి కారడం మొదలైతే వారానికోసారి వెళ్లేవాడు ఏం చేస్తాడు? సెకనుకు ఒక చుక్క పడినా రోజుకు 86,400 చుక్కలు. అలాగని ఎవరూ వెళ్లకపోతే బాత్రూం ట్రాపుల్లో (వాసన రాకుండా నీళ్లు నిలిచే డ్రైనేజీ వంపుల్లో) నీళ్లు ఆవిరై, వాసనా బొద్దింకలూ ఇంట్లోకి వస్తాయి. వెళ్లేముందు ట్రాపుల్లో నీళ్లు పోసి, పైన కొంచెం నూనె వేయండి, త్వరగా ఆరవు.

పాతగోడ: ఇది బాగుంది. వారంవారం మనిషిని పంపడం కుదరదనే నాకూ అనిపిస్తోంది.

రెంచి: ఇంకో సంగతి. నిలవ నీళ్లు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు. తుంపరతో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తిరిగొచ్చిన రోజే షవర్ కింద నిలబడకండి. కిటికీలు తెరిచి, కుళాయిలన్నీ కాసేపు నెమ్మదిగా వదిలేయండి.

తాళంచెవి: పడకగది గోడ మీద రంగు పొక్కి, తెల్లటి ఉప్పులా వస్తోంది. అది కూడా పైపేనా?

రెంచి: కావచ్చు, వాన చెమ్మా కావచ్చు. మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయండి. రాత్రంతా ఎవరూ నీళ్లు వాడొద్దు. పొద్దున మట్టం తగ్గితే లోపల ఎక్కడో కారుతోంది. ఆ గోడకు స్విచ్‌బోర్డు ఉంటే ముందు ఆ లైన్ ఎంసీబీ (మీటర్ దగ్గర కరెంటు ఆపే స్విచ్) దించేయండి.

పక్కింటితాళం: కారే చోటు దొరికితే ఎం-సీల్ ముద్ద పెట్టేస్తే సరి కదా?

రెంచి: అది ఈ రాత్రి గడవడానికి. ఎనిమిది నెలలు తాళం వేసే ఇంటికి కాదు. పగిలిన ముక్క కోసి, కొత్త ముక్కను కప్లర్లతో అతకాలి. సొల్యూషన్ (ప్లాస్టిక్ పైపులు అతికే జిగురు) పూసేముందు పైపు పొడిగా తుడవాలి, తడి మీద పట్టదు. ఆరాక నీళ్లు వదిలి, ఒక రోజు చూసిన తర్వాతే గోడ మూయించండి.

తాళంచెవి: మట్టం నాలుగు వేళ్లు తగ్గింది. ట్యాంకు వాల్వ్ కట్టేసి చూస్తే కింద కుళాయిలో సన్నటి ధార ఆగడమే లేదు, పాత గేట్ వాల్వ్ (చక్రం తిప్పి మూసే రకం) అట, పూర్తిగా మూసుకోవట్లేదు. రేపు దాన్ని తీసేసి బాల్ వాల్వ్ (పిడి తిప్పి మూసే రకం) బిగిస్తున్నారు. గోడ పని ఎల్లుండి. మా ఆయనా, అన్నయ్యా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.