వ్యాగన్ ఆర్ మైలేజీ 18 నుంచి 14కి పడిపోయింది: సీఎన్‌జీ కిట్ పెట్టించాలా, ముందు బండి చూపించాలా?

ప్రశ్న: బెంజ్‌సర్కిల్

బండి 2017 వ్యాగన్ ఆర్ వీఎక్స్ఐ, పెట్రోలు, 86 వేల కి.మీ. తిరిగింది. విజయవాడ నుంచి గుంటూరు, రానూపోనూ 70 కి.మీ., నెలకి దాదాపు 1,750. ఎక్కువ భాగం హైవేనే. ట్రాఫిక్ వారధి దగ్గర కొంచెం, గుంటూరు ఊళ్ళో కొంచెం. ఇదివరకు లీటరుకి 18 వచ్చేది, ఇప్పుడు 14 రావడం గగనంగా ఉంది. సర్వీసు టైముకే అయింది, ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. ఇంజిన్ లైటు వెలగడం లేదు. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్లే అని అందరూ అంటున్నారు. సీఎన్‌జీ కిట్ వేసే షాపువాళ్ళు 65 వేలు చెప్పారు, ఏడాదిలో డబ్బు వెనక్కి వచ్చేస్తుందట. నిజమేనా? ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు 1: లెక్కలపుస్తకం

14 అనే అంకె ఎలా వచ్చింది? 500 కొట్టించి ముల్లు దిగేదాకా తిప్పి చూసిన లెక్క అయితే దాన్ని నమ్మి ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ముల్లు చివరి గడుల్లో ఇష్టం వచ్చినట్టు పడుతుంది.

ఫుల్ ట్యాంక్ పద్ధతి ఒక్కటే దారి. ఒకే బంకు, వీలైతే అదే పంపు. నాజిల్ మొదటిసారి 'టక్'మని ఆగగానే చాలనండి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కనివ్వకండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 300 కి.మీ. తిరిగాక మళ్ళీ అక్కడే అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. ఒక ట్యాంకు చూసి తేల్చేయకండి, రెండోది కూడా చూడండి. టైర్లు వేరే సైజుకి మార్చి ఉంటే మీటరే తప్పు చూపిస్తుంది. హైవే మీద 20 కి.మీ. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి పోల్చుకోండి.

ఆ 'ఇంకో రెండు నొక్కుల' అలవాటు వల్ల ఇంకో నష్టం ఉంది. పొంగిన పెట్రోలు ఆవిరి గొట్టంలోంచి బొగ్గు డబ్బాలోకి, అదే ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్‌లోకి పోతుంది. అది తడిసిపోతే ఇంజిన్‌కి లెక్కలో లేని పెట్రోలు ఆవిరి అందుతూ ఉంటుంది.

ఇక ఈ20 సంగతి. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది: ఈ0కి (ఇథనాల్ లేనిదానికి) డిజైన్ చేసి ఈ10కి (10 శాతం కలిపినదానికి) ట్యూన్ చేసిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని. 18లో 7 శాతం అంటే ఒకటింబావు. అంటే 17 దగ్గర ఆగాలి. మిగతా మూడు కిలోమీటర్లు పెట్రోలు ఖాతాలో వేయడానికి కుదరదు.

జవాబు 2: పానా10-12

పైన చెప్పింది కరెక్ట్. పోయే మూడు కి.మీ. బండిలోనే ఎక్కడో పోతున్నాయి. ఇంజిన్ లైటు రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. మైలేజీ తినేవాటిలో సగం కంప్యూటరుకి కనబడవు.

ఖర్చు లేనివి ముందు చూడండి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలక ముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు డోర్ దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. బంకుల్లో గేజీలు మూడు నాలుగు పీఎస్ఐ తేడాగా చూపించడం మామూలే, సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. ముందు టైర్లు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయినట్టే.

తర్వాత బ్రేకులు. హైవే మీద పది కిలోమీటర్లు వెళ్ళి, గట్టిగా బ్రేకు కొట్టకుండా మెల్లగా ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. తాకకండి, కాలుతుంది. మూడు ఒకలా ఉండి ఒక్కటి సెగలు కక్కుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. ముందు చక్రమైతే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు ఎండిపోవడం, వెనకదైతే హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుతు ఎక్కువ కావడం.

ఆయిల్ బిల్లు చూడండి. 5డబ్ల్యూ-30 పోయాల్సిన చోట '20డబ్ల్యూ-50 అయితే ఇంజిన్ స్మూత్‌గా ఉంటుంది' అని పోసేవాళ్ళు ఉన్నారు. చిక్కటి ఆయిలుని తిప్పడానికీ పెట్రోలే కాలాలి. స్పార్క్ ప్లగ్గులు మామూలు నికెల్‌వి అయితే 40 వేలకి అటూ ఇటూ మార్చేయాలి. మీ 86 వేలకి రెండోసారి మారి ఉండాలి, బిల్లుల్లో ఉందో లేదో వెతకండి.

చివరగా బ్లూటూత్ ఓబీడీ ముక్క (బండి కంప్యూటరులోని అంకెల్ని ఫోన్‌కి పంపేది) ఒకటి కొని స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్‌లో రెండు అంకెలు రాసుకోండి. ఒకటి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, హైవే మీద ఎంత, ట్రాఫిక్‌లో ఎంత. రెండోది లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు అసలు లెక్కకన్నా పెట్రోలు ఎంత శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే అంకె. అవి పెడితే ముందుకు వెళ్దాం.

జవాబు 3: గోదారోడు

యానాం వచ్చి కొట్టించుకోండి, పుదుచ్చేరి పన్ను, చవక 😄

జవాబు 1: లెక్కలపుస్తకం

కాకినాడ వాళ్ళకి బాగుంటుంది. విజయవాడ నుంచి రానూపోనూ 400 కి.మీ., మిగిలేదంతా దారిలోనే కాలిపోతుంది. ఏపీలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్ ఇంకో రూపాయి. తెలంగాణలో 35.20 శాతం వ్యాట్. కోదాడ దాకా వెళ్ళొచ్చినా గిట్టుబాటు కాదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందనేది కూడా వదిలేయండి. ట్యాంకు భూమిలో ఉంటుంది, రోజులో దాని వేడి పెద్దగా మారదు. 500 బదులు 510 అనడం వల్ల కూడా ఒరిగేదేం లేదు. కొలత మీద అనుమానం ఉంటే బంకులో 5 లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర ఉంటుంది, అందులో పట్టి చూపించమనండి. 25 మి.లీ. వరకు తేడాకి అనుమతి ఉంది. అంతకన్నా తక్కువ వస్తే తూనికలు, కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చు.

బెంజ్‌సర్కిల్

రెండు ట్యాంకులు చూశాను, 14.1, 13.9. ఓబీడీలో కూలెంట్ హైవే మీద 68 నుంచి 72 మధ్యే ఉంటోంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే 90 దాకా పోతోంది. ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 5, ప్లస్ 6. ముందు ఎడమ చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంది. ప్లగ్గులు 38 వేల దగ్గర ఒకసారి మారాయి, అంతే.

జవాబు 2: పానా10-12

దొరికింది.

హైవే మీద 70 దగ్గరే ఆగి, నిలబడితే ఎక్కుతోందంటే థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునే ఉండిపోయింది. అది 80 దాటాకే తెరుచుకోవాలి. ఇప్పుడు స్టార్ట్ చేసినప్పటి నుంచీ నీళ్ళు రేడియేటర్లో తిరిగేస్తున్నాయి, హైవే గాలికి చల్లబడిపోతున్నాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని ఈసీయూ, అదే బండి కంప్యూటరు, పెట్రోలు కాస్త ఎక్కువే వదులుతూ ఉంటుంది, ఆయిలు కూడా పల్చబడదు. మన వైపు ఇంకో అలవాటు ఉంది, 'ఎండాకాలం హీటెక్కకుండా' అని థర్మోస్టాట్ పీకేసి ఒట్టి హౌసింగ్ బిగించేస్తారు. విప్పించినప్పుడు దగ్గరుండి చూడండి, లోపల అసలు ఉందో లేదో.

కొత్తది ఒరిజినల్ వేయించండి, హౌసింగ్ రబ్బరు రింగుతో సహా. పంపు నీళ్ళు పోయనివ్వకండి, కలిపి వచ్చే రెడీమిక్స్ కూలెంటే పోయాలి. పోశాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి బుడగలు రావడం ఆగి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఉండాలి. గాలి లోపల ఉండిపోతే మళ్ళీ అంకెలు తిక్కతిక్కగా వస్తాయి. పని సరిగ్గా జరిగితే హైవే మీద 80 పైన నిలకడగా నిలబడుతుంది.

ఎడమ చక్రం: డిస్కుకి ఒకవైపు ప్యాడు బాగా అరిగి, రెండోవైపుది కొత్తదానిలా ఉంటే క్యాలిపర్ పిన్ను పట్టేసినట్టే. పిన్నులు రెండూ తీసి, తుప్పు తుడిచి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే పిన్ను మీద రబ్బరు బూట్లు ఉబ్బి మళ్ళీ పట్టేస్తాయి. బూటు చిరిగి ఉంటే మార్చాల్సిందే. పిన్నులు బాగానే ఆడుతున్నా వేడి తగ్గకపోతే లోపల పిస్టన్ తుప్పు పట్టింది, క్యాలిపర్ కిట్ వేయించండి. ప్లగ్గులు మూడూ ఇదే వరసలో మార్పించేయండి.

ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 5, 6 చూసి కంగారు పడక్కర్లేదు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి పెట్రోలు కొంచెం ఎక్కువ కావాలి. ఈ10కి ట్యూన్ చేసిన బండిలో ఈ20 పోస్తే నాలుగైదు శాతం పైకి జరగడం మామూలే. 10 దాటితే అప్పుడు వాక్యూమ్ పైపులు, ముందున్న ఆక్సిజన్ సెన్సరు, ఫ్యూయల్ ప్రెషరు చూడాలి. చాలామంది ఈ ప్లస్ 6 చూసే సెన్సరు మార్చేస్తారు, డబ్బులు దండగ.

నడపడంలో ఒక్క మాట. కాజ టోల్ దాటాక 100లో వెళ్తుంటే 80కి దించి చూడండి. గాలి ఎదురు తన్నే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 80తో పోలిస్తే 100లో ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వ్యాగన్ ఆర్ ఒళ్ళు అసలే ఎత్తు. వారధి దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగిపోతాయి, న్యూట్రల్లో అయితే ఐడ్లింగ్‌కి పెట్రోలు కాలుతూనే ఉంటుంది.

జవాబు 4: గ్యాస్‌బండి

ఇప్పుడు సీఎన్‌జీ లెక్క. పెట్రోలు 110, సీఎన్‌జీ కిలో 95 అనుకుందాం, మీ బంకు రేట్లు వేసుకుని సరిచేసుకోండి.

ఇప్పుడున్న 14 మీద నెలకి 125 లీటర్లు, 13,750 రూపాయలు. రిపేరు అయ్యాక 17.5 వస్తే 100 లీటర్లు, 11,000. సీఎన్‌జీ మీద కిలోకి 22 వస్తే 80 కిలోలు, 7,600. స్టార్టింగ్ పెట్రోలు మీదే అవుతుంది, వేడెక్కాకే గ్యాస్‌కి మారుతుంది, దానికి నాలుగు లీటర్లు వేసుకోండి. మొత్తం 8,000.

షాపువాళ్ళు 13,750తో పోల్చి చూపించారు. నెలకి 5,750 మిగులు, 65 వేలు పదకొండు నెలల్లో వచ్చేస్తాయి. రిపేరు అయిన బండితో పోలిస్తే మిగిలేది నెలకి 3,000, అంటే 22 నెలలు. దాని మీద ఇన్సూరెన్సులో కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి ఏడాదికి 60 రూపాయలు, జీఎస్టీ. మూడేళ్ళకోసారి సిలిండరుకి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో గట్టిదనం పరీక్ష). రెండేళ్ళు అనుకోవడం న్యాయం. బండిని మూడు నాలుగేళ్ళు ఉంచుకుంటారంటే పెట్టించండి, ఏడాదిలో మార్చే ఆలోచన ఉంటే వద్దు.

పెట్రోలు మీదే సరిగ్గా నడవని ఇంజిన్‌కి గ్యాస్ పెట్టొద్దు. గ్యాస్‌ని వెలిగించడానికి స్పార్కు ఇంకా గట్టిగా కావాలి, 48 వేలు తిరిగిన ప్లగ్గులతో మిస్‌ఫైర్ ఖాయం.

పెట్టిస్తే సీక్వెన్షియల్ కిట్టే (ఇంజిన్‌లో ఒక్కో సిలిండరుకి విడిగా గ్యాస్ వదిలేది). మీ ఇంజిన్ సీసీకి, బీఎస్-4కి (మీ బండి పొగ ప్రమాణం) టైప్ అప్రూవల్ (ఆ రకం కిట్‌కి పరీక్షించి ఇచ్చే ఆమోదం) ఉన్న కాగితం బిగించక ముందే అడగండి. అది లేకపోతే ఆర్సీలో ఎక్కదు. ఆర్సీలో ఎక్కకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము కాదనడానికి ఇన్సూరెన్సు వాళ్ళకి అదొక్కటి చాలు. సిలిండరు మెడ మీద నంబరు, టెస్టు నెల చెక్కి ఉంటాయి, సర్టిఫికెట్‌తో అంకె అంకె సరిచూసుకోండి. పాత సిలిండర్లకి రంగు కొట్టి పెట్టేవాళ్ళు ఉన్నారు.

బెంజ్‌సర్కిల్

చాలా థాంక్సండి. థర్మోస్టాట్, బ్రేకు ఈ వారమే చేయిస్తాను. గ్యాస్ పెడితే డిక్కీ పూర్తిగా పోతుందా? ఇంజిన్ పాడవుతుందనేది ఎంతవరకు నిజం?

జవాబు 4: గ్యాస్‌బండి

60 లీటర్ల నీటి కొలత సిలిండరులో 8, 9 కిలోల గ్యాస్ పడుతుంది. డిక్కీలో చిన్న బ్యాగులు తప్ప ఏమీ పట్టవు. స్టెప్నీ ఎక్కడ పెడతారో, సిలిండరు దించకుండా బయటికి వస్తుందో లేదో ముందే చూపించమనండి. పికప్ పదో వంతు తగ్గుతుంది, ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

ఇంజిన్ పాడవడం అనేది వాల్వుల గురించి. సీఎన్‌జీ పొడి ఇంధనం, వాల్వు సీట్లు మెల్లగా అరిగి క్లియరెన్సు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గిపోతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమై, ఐడ్లింగ్‌లో వణుకుతుంటే అదే మొదటి గుర్తు. 20 వేలకోసారి క్లియరెన్సు కొలిపిస్తే ముందే దొరుకుతుంది. పెట్రోలు ట్యాంకు పావుకి తగ్గనివ్వకండి, అందులో మునిగి ఉండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. వారానికోసారి ఇరవై కిలోమీటర్లు పెట్రోలు మీద నడపండి, ఇంజెక్టర్లు జిగురు కట్టవు.