అప్‌డేట్: నాన్న కాలేయానికి రేడియేషన్, ఊపిరిని గమనించే కెమెరాలు

నాన్న కాలేయంలోని గడ్డ ఊపిరితో పాటు కదులుతుంది కదా, గది పైకప్పుకు ఉన్న కెమెరాలు దాన్ని చూడగలవా అని అడిగాను. చూడలేవు. పొట్ట మీద వెలుగు పరిచి, చర్మం ఎత్తుపల్లాలను క్షణక్షణం కొలుస్తాయి, అంతే. ఆ వెలుగుతో రేడియేషన్ ఏమీ ఉండదు.

కాలేయం ఊపిరితో పైకీ కిందికీ ఒకటి రెండు సెంటీమీటర్లు జరగవచ్చట. పొట్ట కదలిక దానికి గుర్తే తప్ప కొలత కాదు. అందుకే ముందుగా 4డి సీటీ (ఊపిరి తీస్తూ వదులుతూ ఉండగా గడ్డ ఎలా కదులుతుందో చూపే స్కాన్) తీశారు. ఇప్పుడు కూడా బల్ల మీద పడుకోబెట్టాక మెషీన్‌లోనే మళ్లీ స్కాన్ చేసి లోపలి స్థానం సరిచూస్తున్నారు.

నాన్న ఊపిరి వదిలి బిగబట్టాలి. ఎదుటి తెరపై ఆయన ఊపిరిని చూపే గీత పచ్చ పట్టీలో ఉంటేనే కిరణం వస్తుంది, దాటితే ఆగిపోతుంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు మధ్య బతికిన మనిషి, దగ్గు ఊరుకుంటుందా! దగ్గినప్పుడల్లా ఆపి, మళ్లీ మొదలుపెడుతున్నారు. దుప్పటి అంచు పొట్ట మీదికి జరిగినా కెమెరాకు అడ్డమే.

చికిత్సకు ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదన్నారు. కాబట్టి కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కే ముందే ఇడ్లీ పెట్టేస్తున్నాం.