కలడో లేడో: ఏనుగు ఆ మాట ఎవరితో అన్నది?

మొన్న రాత్రి నా నాస్తిక మిత్రుడొకడు వాట్సాప్‌లో పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం నుంచి, మొసలికి చిక్కిన ఏనుగు విష్ణువుకు మొరపెట్టే చోటి పద్యపాదం ఒకటి పంపి, ‘చూశావా, మీ భక్తకవికే నమ్మకం లేదు’ అన్నాడు. మా ఇద్దరికీ ఇది ఇరవయ్యేళ్ళ తగువు. నేను రాసిన జవాబు ఇక్కడా పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో

మూడుసార్లు ‘అందురు’. జనం అంటారు, అంతే. నేను చూశానని ఏనుగు ఎక్కడా అనదు. సంస్కృత మూలంలో గజేంద్రుడు స్తుతిస్తాడే గాని ఇలా సందేహపడడు. అంటే ఆ అనుమానం పోతన చేర్చిందే. అంతవరకు మావాడి మాట నిజమే.

అయితే కొన్ని పద్యాలు దాటి చూడండి. ‘లావొక్కింతయు లేదు’ అని, ‘నీవే తప్ప నితఃపరం బెరుఁగ’ అని పూర్తిగా చేతులెత్తేశాక కూడా అనుమానం పోలేదు:

వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరానిచోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహ మయ్యెఁ గరుణావార్ధీ!

‘వినుదట’ అంటే వినుదువట, నువ్వు వింటావట. ఇందాక ‘వాడు’ అన్నవాడు ఇక్కడ ‘నువ్వు’ అయ్యాడు. ‘అందురు’ పోయి ‘అట’ వచ్చింది, రెండూ వినికిడి మాటలే. సందేహం తీరలేదు, కాకపోతే ఇప్పుడు నేరుగా ఆయన మొహం మీదే అడుగుతోంది. మా అమ్మమ్మ ఈ ‘అట’ని ఒత్తి, కాస్త నిష్ఠూరంగా చదివేది. నాకు అర్థం తెలిసింది వ్యాకరణంతో కాదు, ఆ గొంతుతో.

ఒక సభ్యురాలు: బాగుందండీ. ఒకే పాదంలో ‘కలఁడు’, ‘కలండు’ రెండూ ఎందుకు? అచ్చుతప్పా?

నేను: కాదమ్మా. హ్రస్వం మీద అరసున్నా పెట్టొచ్చు, నిండుసున్నా పెట్టొచ్చు. ‘కలఁడు’ మూడు మాత్రలు, ‘కలండు’ నాలుగు. అక్కడ ‘కలఁడనెడి’ అంటే ఒక మాత్ర తగ్గి కందం కుంటుతుంది.

మరొకరు: ఇంతకీ మీ మిత్రుడేమన్నారు సార్?

నేను: అంతా చదివాడు. విష్ణువు వచ్చాడు కదరా, ‘సిరికిం జెప్పఁడు’ మర్చిపోయావా అన్నాను. ఒక్క ముక్క పంపాడు: ‘వచ్చాడట!’